ఆరోగ్యవంతుల జాబితా

పోయిన వారం మన పిచ్చుకను, చేతిలో చింపిన కవరుతో సహా, స్కానింగ్ గది పక్కనున్న కుర్చీలో కూలబడేసి వెళ్ళిపోయాం. "లోపలేముందో చెప్పకుండా ఆపెయ్యడానికి మీకు మనసెలా వచ్చింది" అని తిడుతూ ఉత్తరాలు రాసినవాళ్ళున్నారు. తిట్టండి, పడతాను. ఆ కవరులో ఉన్న సంగతి రాయడానికి నాకూ చెయ్యాడలేదు, అది మాత్రం నమ్మండి.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. పిచ్చుక అన్నది నలభై ఆరేళ్ళ మనిషి. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని అక్క పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. ఎనిమిదో ఏట తల్లి పోతే అక్కా బావా తెచ్చుకుని పెంచారు. బావది దర్జీ దుకాణం. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి, అది మూతపడ్డాక బావ దుకాణంలోనే కూర్చునేది. పిచ్చుక చదువుకుని ఎమ్మారై టెక్నీషియన్ అయింది. మూడేళ్ళ కిందట బావకు మతిమరుపు జబ్బు, అదే అల్జీమర్స్, మొదలైందని తేలింది. ఆ ఏడే ఆసుపత్రిలో ఒక పరిశోధన మొదలైంది. నలభై జంటలు. జంటలో ఒకరు జబ్బు మనిషి, రెండోవారు ఆరోగ్యవంతులు. ఏటా ఇద్దరి మెదడుకీ బొమ్మలు తీసి, ఏడాదిలో ఏది ఎంత తగ్గిందో పోల్చి చూడడం. బావ జబ్బువాళ్ళ జాబితాలో ఉన్నాడు, అక్క ఆరోగ్యవంతుల జాబితాలో ఉంది.

బొమ్మలు తీశాక రికార్డుల పెద్దాయన వాటి మీద పేర్లు తీసేస్తాడు. ముక్కూ మొహం తెలిసే భాగం చెరిపేస్తాడు. ఒక్కో మనిషికి ఒక నంబరు ఇచ్చి కలగాపులగం చేసి పిచ్చుకకు ఇస్తాడు. ఆవిడ పని గీత గీయడం. మెదడులో కణతల లోపలి వైపు, రెండు పక్కలా, చిటికెన వేలంత హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. కొత్త సంగతి ఏది బుర్రలో నిలవాలన్నా దాని చేతి మీదుగానే నిలవాలి. బొమ్మ తరవాత బొమ్మ తీసి దాని అంచు వెంట మౌసుతో గీత గీస్తే, ఎంత ఉందో కంప్యూటర్ లెక్క చెబుతుంది. ఏడాదికి నూటికి ఒకటో ఒకటిన్నరో తగ్గితే వయసు అనుకుంటారు. నాలుగూ అయిదూ తగ్గుతూ పోతే అనుమానించాలి. గీసేవాళ్ళకు మనిషి తెలిస్తే మనసు చేతిని లాగుతుందని నంబర్ల ఏర్పాటు. ఈ పొద్దున పరిశోధన ముగిసింది. నంబర్ల వెనక పేర్లున్న కవరు తెరిచారు.

పిచ్చుక మొదట వెతికింది బావ పేరు. యాభై రెండు. ఆవిడకు ఆ నంబరు బాగా గుర్తుంది, ఎందుకంటే మూడేళ్ళలో దాని గీత దాదాపు చెక్కు చెదరలేదు. ఎవరో అదృష్టవంతులు అనుకునేది గీసినప్పుడల్లా. తరవాత అక్క పేరు వెతికింది. పదిహేడు.

పదిహేడును ఆవిడ ఎన్నిసార్లు చూసి జాలిపడిందో లెక్కలేదు. మొదటి ఏడాది బొమ్మలోనే తక్కువగా ఉంది. రెండో ఏడు ఇంకా తగ్గింది. మూడో ఏడు గీస్తున్నప్పుడు చేతికి గీసేందుకే పెద్దగా మిగల్లేదనిపించి, ఇది బావదేమోనన్న భయంతో మౌసు వదిలేసి కాసేపు వరండాలో తిరిగి వచ్చింది కూడాను.

పేర్లు తారుమారయ్యాయనుకుంది. ఎవరైనా అదే అనుకుంటారు కదా. లేచి రికార్డుల పెద్దాయన దగ్గరికి పోయి అడిగింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క కాగితం తప్పు పెట్టలేదని ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. పెట్టుకుంటూనే అసలు పుస్తకం తెచ్చి ముందు పడేశాడు. తప్పు లేదు. వెనక్కి వచ్చి యాభై రెండును మళ్ళీ తెరిచింది. బొమ్మ కింది అంచున నల్లటి మరక ఉంది. నోట్లో లోహం ఉంటే అలాంటి మరక పడుతుంది. బావ పంటికి లోహపు తొడుగు వేయించింది తనే. మూడేళ్ళుగా కళ్ళెదుట ఉన్న మరకను ఒక్కసారైనా బావతో కలిపి చూడలేదు. బావ ఆరోగ్యవంతుడని ఊహకైనా వస్తే కదా కలపడానికి!

అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి.

ఆరోగ్యవంతుల జాబితాలో చేరాలన్నా జ్ఞాపకశక్తి పరీక్ష ఉంటుంది. మూడు మాటలు చెప్పి కాసేపాగి అడగడం, గడియారం బొమ్మ వేయించడం, వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మనడం. అయినవాళ్ళకు అయినవాళ్ళు ఈ పరీక్ష పెట్టకూడదు, అది రూలు. అక్క వంతు వచ్చిన రోజు నర్సు సెలవు. "నువ్వు నాకు పరీక్ష పెడతావే? నీకు ఎక్కాలు నేర్పిందెవరే?" అంది అక్క నవ్వుతూ. నిజమే కదా అని పిచ్చుకా నవ్వింది. ఊళ్ళో సగం మంది టెలిఫోన్ నంబర్లు నోటికి చెప్పిన మనిషి, ఆవిడకు పరీక్షేమిటి? ఇద్దరూ కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకున్నారు. చెప్పుకుంటూనే పిచ్చుక గళ్ళన్నిటిలో టిక్కులు పెట్టేసింది. తరవాతి రెండేళ్ళూ 'కిందటి ఏటి లాగే' అని రాసింది. అక్కను ఆరోగ్యవంతుల జాబితాలోకి ఎక్కించింది ఎవరో కాదు, ఈవిడే. ఏ మొహం పెట్టుకుని ఆవిడ ఎదట నిలబడాలో తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడవడానికి టైము లేదు.

ఎందుకంటే పదకొండు గంటలకు, బావకు వైద్యం చేస్తూ ఈ పరిశోధన నడిపే డాక్టరమ్మ అక్కాబావల్ని రమ్మంది. డాక్టరమ్మ కూడా కవరు చూసింది. ఒక్క బొమ్మను పట్టుకుని జబ్బుకు పేరు పెట్టకూడదనీ, మనిషితో మాట్లాడాలనీ, ఇంట్లోవాళ్ళు చెప్పేది వినాలనీ ఆవిడ ఎప్పుడూ అంటుంది. పరిశోధనకు ముందు తీసిన బావ మొదటి స్కానులో తగ్గుదల కనపడనప్పుడు కూడా, తొలి రోజుల్లో కొందరికి అంతేనని, ఇంట్లోవాళ్ళు చెప్పింది విని, పరీక్షలో వచ్చిన మార్కులు చూసి నమ్మింది. ఇంట్లోవాళ్ళు అంటే అక్కే. ఇప్పుడు పిచ్చుకతో ఎక్కువేమీ మాట్లాడలేదు. మీ అక్కగారిని నర్సు ప్రశ్నల కాగితం నింపడానికి తీసుకెళ్ళింది, అరగంట పడుతుంది, ముందు మీ బావగారితో మాట్లాడి రండి అంది. అది దయే.

బావ వరండా బల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ళు. ఈ ఏడాదిలో మనిషి సగమయ్యాడు, చొక్కా భుజాల మీంచి జారుతోంది. పిచ్చుక లోపలికి రమ్మంటే లేచి, ఒక్క క్షణం గోడ పట్టుకుని, తరవాత నడిచాడు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తలుపు వేసింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు అడిగేసింది.

"బావా, మీకు ఏ జబ్బూ లేదు. ఆ సంగతి మీకు ముందే తెలుసా?"

బావ తెర వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. అబద్ధం ఆడదామని ఒక్క నిమిషం ప్రయత్నించినట్టే ఉంది, ఏమోనమ్మా నాకేం గుర్తుండి చస్తుంది అని గొణిగాడు కూడా. పిచ్చుక కళ్ళు చూసి ఆపేశాడు.

"మీ అక్క నంబరు కూడా చూశావా?" అన్నాడు.

చూశానంది. బావ తల ఊపాడు. అంతే, ఆ తరవాత అడగక్కర్లేకుండానే చెప్పుకుపోయాడు. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన మనిషి కదా.

దుకాణంలో మొదలైందట. బావ మెడలో టేపు వేసుకుని కొలతలు పైకి చదివేవాడు, అక్క పుస్తకంలో రాసేది, ఇరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఒకనాడు పోస్టుమాన్ చొక్కా ఒక చెయ్యి పొట్టిగా వచ్చింది. పుస్తకం తీసి చూస్తే చేతి కొలత గడిలో మెడ కొలత ఉంది. రాత అక్కది. బావ ఏమీ అనకుండా కంటి అంచనాతో సర్దుకుంటూ పోయాడు కొన్నాళ్ళు. కానీ ఎన్నని సర్దుతాడు? పెళ్ళివారి కోటు ఒకటి పాడైంది. వాళ్ళు దుకాణంలో నిలబడి కేకలేస్తుంటే అక్క పుస్తకం తెరిచి, తన రాత తనే చూసుకుని, రక్తం లేనట్టు పాలిపోయింది.

"ఆ మొహం చూడలేకపోయానే," అన్నాడు బావ. "నువ్వు సరిగానే రాశావు, నేనే మరిచిపోయి కత్తిరించానని చెప్పాను. ఎంత తేలికపడిందనుకున్నావు! ఆ రోజు నుంచి ఏం జరిగినా నేనే మరిచిపోయాననేవాణ్ణి. పొయ్యి ఆర్పకపోయినా నేనే, తాళం పోయినా నేనే. చివరికి నాకేదో జబ్బని తనే భయపడి ఇక్కడికి లాక్కొచ్చింది."

ఆసుపత్రిలోనైనా నిజం చెప్పొచ్చు కదా అంది పిచ్చుక. చెబుదామనే వచ్చాడట. డాక్టరమ్మ 'గొడుగు, నది, బొత్తాం' అని మూడు మాటలు చెప్పి, అయిదు నిమిషాలాగి, అవేమిటో చెప్పమంది. బావకు మూడూ గుర్తున్నాయి. చెప్పబోతూ పక్కకు చూస్తే అక్క పెదాలు కదుపుతోంది. ఆవిడా వెతుక్కుంటోంది. ఒక్కటీ దొరకడం లేదని మొహంలో కనిపిస్తోంది. బావ గుర్తులేదన్నాడు. అక్క ఆయన చెయ్యి నొక్కి, ఫర్వాలేదండీ, నేనున్నాను కదా అంది.

పిచ్చుకకు కోపం వచ్చింది. ఎవరి మీద ముందు రావాలో తెలియని కోపం, సగం తన మీదా సగం ఆయన మీదా. దుకాణం మూసేసుకుని ఖాళీగా కూర్చున్నారే, చేతిలో పనున్న మనిషి అని నిలదీసింది. మూడేళ్ళలో అక్కకు వైద్యం చేయించేవాళ్ళం, చేతనైనన్నాళ్ళు ఏం చెయ్యాలో ఆవిడే తేల్చుకునేది, అదంతా ఆవిడ చేతిలోంచి లాగేసుకున్నారు కదా అంది. మాటలు గట్టిగానే వచ్చాయి. బావ తల దించుకుని అన్నీ విన్నాడు.

"వైద్యం మానలేదు," అన్నాడు తరవాత మెల్లగా. "నాకిచ్చిన మాత్రలు నేను ఒక్కటీ మింగలేదు. బలానికని చెప్పి రోజూ పొద్దున తనకే ఇస్తున్నాను."

ఒకరికి రాసిన మందు ఇంకొకరికి! టెక్నీషియన్‌గా అయితే నెత్తీ నోరూ కొట్టుకోవాలి. కానీ ఆ ముసలాయన రోజూ మాత్ర నాలుక కింద దాచుకుని, వెనక గదిలోకి పోయి, తుడిచి, భార్య చేతిలో పెడుతున్న దృశ్యం కళ్ళ ముందుకొచ్చి, పిచ్చుక ఇంక తిట్టలేకపోయింది. కుర్చీ దగ్గరికి జరిపి చేతులు పట్టుకుంది. చేతులు చల్లగా ఉన్నాయి.

"జబ్బు నా పేరు మీదే ఉండనియ్యవే," అన్నాడు బావ. "పేరుదేముంది? తనకు తెలిస్తే మాత్రం ఆ రోజే సగం చచ్చిపోతుంది. నీకు దణ్ణం పెడతాను."

ఆయన నిజంగానే చేతులెత్తబోయాడు. పెంచిన మనిషి తనకు దణ్ణం పెట్టడం చూడలేక పిచ్చుక ఆ చేతులు గట్టిగా కిందికి నొక్కింది. మాట ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. తలుపు మీద నర్సు తట్టింది, డాక్టరమ్మ పిలుస్తోందని.

డాక్టరమ్మ గదిలో అక్క అప్పటికే కూర్చుని ఉంది. దువ్వుకున్న తల, ఇస్త్రీ చీర, ఒళ్ళో నోటు పుస్తకం. జబ్బు మనిషిని చూసుకునేవాళ్ళు వారం వారం జరిగినవి రాసుకోవాలని మొదట్లోనే చెప్పారు, అక్క ఒక్క రోజూ మానలేదు. చదవడం మొదలుపెట్టింది. సోమవారం స్నానాల గదిలో కుళాయి కట్టలేదు. బుధవారం వీధి చివరి కొట్టు నుంచి ఇంటికి దారి తెలియక నిలబడిపోయారు, పక్కింటావిడ తీసుకొచ్చింది. గురువారం పెళ్ళికూతురిగా ఉన్న నా ఫోటో చూసి ఎవరిదని అడిగారు. ఆవిడ చదువుతుంటే పిచ్చుక బావ వైపు చూసింది, బావ నేల వైపు చూస్తున్నాడు. పక్కింటావిడ తీసుకొచ్చింది ఎవరినో పిచ్చుక అడగనక్కర్లేకపోయింది. అక్క తనకు జరిగిందంతా ఆయనకు జరిగినట్టు, జాలిపడుతూ, నిజంగా నమ్మి రాసింది.

బావ కుర్చీ జరుపుకోబోయి తూలి బల్ల అంచు పట్టుకున్నాడు. డాక్టరమ్మ వెంటనే లేచి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. గోడ గడియారం చూస్తూ చాలాసేపు వదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఇలా తూలడం ఎన్నాళ్ళుగా ఉందని బావను అడిగింది.

"ఆయనకేం గుర్తుంటుంది డాక్టరమ్మా, నన్నడగండి," అంది అక్క. "ఏడాదిగా ఉంది. అన్నం కూడా సయించడం లేదు. జబ్బు ముదురుతోంది కదా."

నాడి నలభై దాటడం లేదంది డాక్టరమ్మ. ఆ మాత్రల వల్ల కొందరికి గుండె నెమ్మదిస్తుందని చెప్పింది. చెబుతూ ఒకసారి పిచ్చుక వైపు చూసింది. మాత్రలు ఎలా వేస్తున్నారని అడిగింది. పిచ్చుక ఉలిక్కిపడింది. బావ మాత్రలు మింగలేదని ఇప్పుడే కదా విన్నది. మింగనివాడి గుండె ఎందుకు నెమ్మదిస్తుంది?

అక్క ముసిముసిగా నవ్వింది. ఆయన వినకూడదన్నట్టు డాక్టరమ్మ వైపు వంగింది, గొంతు మాత్రం అందరికీ వినపడింది.

"మాత్రలు ఒక్క రోజూ తప్పనివ్వలేదమ్మా. పిచ్చి మనిషి, తనవేవో నావేవో తెలియక, బలం మాత్రలంటూ తెచ్చి నా చేతిలో పెడతారు. అవి ఆయన మందులేనని నాకు తెలియదా? కాదంటే మనసు కష్టపెట్టుకుంటారని పుచ్చుకుంటాను. అటు తిరిగి పొడి చేసి ఆయన కాఫీలోనే కలిపేస్తాను. మరిచిపోకుండా పుస్తకంలో మొదటి పేజీలోనే రాసిపెట్టుకున్నాను, చూడండి."

చూపించింది కూడా. పెద్ద పెద్ద అక్షరాలు, కింద రెండు గీతలు. 'పొద్దున్నే. ఆయన మాత్ర. కాఫీలో.'

బావ పిచ్చుక వైపు ఒరిగి, ఆవిడకొక్కదానికే వినపడేలా అన్నాడు. "కాఫీ చేదుగా ఉండేది. చక్కెర వెయ్యడం మరిచిపోయిందేమో, అడిగితే బాధపడుతుందని తాగేసేవాణ్ణి."

చూశారా, మూడేళ్ళు! ఆయన ఆవిడకు మందనుకుని ఇస్తున్నాడు, ఆవిడ ఆయనకు మందనుకుని పోస్తోంది, జబ్బున్న మనిషికి ఒక్క మాత్ర దక్కలేదు, లేని మనిషి గుండె ఆగేదాకా వచ్చింది. ఒకరి మీద ఒకరికి ప్రేమ తక్కువై జరిగిందా ఇది?

డాక్టరమ్మ గొంతు మారింది. ఈ క్షణం నుంచి మాత్రలు ఆపాలనీ, పక్క గదిలో గుండె పరీక్ష ఇప్పుడే చెయ్యాలనీ అంది. అక్క లేచి నిలబడింది. ఎవరి ముందూ గొంతెత్తని మనిషి, జబ్బున్నవాడికి మందు మానిపిస్తే ఊరుకోనంది. మీరు ఇవ్వకపోతే బయట కొట్లో కొనుక్కుంటాను, నా మనిషిని నేను చూసుకుంటాను అంది. తరవాత, ఎప్పుడూ చేసేదే, చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పవే పిచ్చుకా వీళ్ళకి. ఆయన తల బొమ్మలు గీసేది నువ్వే కదా. మందు లేకపోతే ఏమైపోతారు?"

అక్క భుజం వెనక నుంచి బావ తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు. కళ్ళ నిండా నీళ్ళు.

పిచ్చుకకు ఆ క్షణాన ఒక్కటే అర్థమైంది. నిజం చెప్పకపోతే రేపు పొద్దున్నే, పుస్తకం మొదటి పేజీ చూసుకుని, అక్క మళ్ళీ కాఫీ కలుపుతుంది. తిట్టినా కలుపుతుంది, దాచినా కొనుక్కొచ్చి కలుపుతుంది. బావ మాట నిలబెడితే బావ దక్కడు. ఇంక ఆలోచించడానికేం మిగల్లేదు. నర్సు బావను గుండె పరీక్షకు నడిపించుకుపోతుంటే ఆయన తలుపు దాకా వెనక్కి చూస్తూనే వెళ్ళాడు.

"రా అక్కా," అంది పిచ్చుక. "బొమ్మ చూద్దువుగాని."

కంప్యూటర్ ముందు, ఇందాక బావ కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టింది. అక్క కళ్ళద్దాలు పెట్టుకుంది. ఏది ఎక్కడ చూడాలో ఆవిడకు తెలుసు, మూడేళ్ళ కిందట బావకు జబ్బన్నప్పుడు పిచ్చుకే కాగితం మీద వేసి నేర్పింది. పదిహేడో నంబరు తెరిచి, మూడేళ్ళ బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. అక్క మొదటిది చూసింది, రెండోది చూసింది, మూడోదాని మీద చెయ్యి పెట్టింది.

"అయ్యో, ఎంత తగ్గిపోయిందే," అంది. "పిచ్చి మనిషి. లోపల ఇంత అయిపోతుంటే నాతో ఒక్క మాటా అనలేదు."

పిచ్చుక ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది, చిన్నప్పుడు జడ వేయించుకోవడానికి కూర్చున్నట్టు. మోకాళ్ళ మీద తల పెట్టింది. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేదు.

"అది బావది కాదక్కా."

అక్క చెయ్యి ఆవిడ జుట్టు మీద నిమురుతోంది. ఆగలేదు. చూపు మాత్రం తెర మీదే ఉంది.

"మరి ఎవరిదే, పాపం?" అని అడిగింది.